టీ డికాషన్‌తో బొమ్మలు: రంగు ముదరాలన్నా నిలవాలన్నా ఏం చేయాలి?

విభాగం: రంగులు, కాగితాలు, కుంచెలు

కృష్ణలంక_కుంచె
మే 24, రాత్రి 9:50

అందరికీ నమస్కారమండీ. నేను ఆటోనగర్‌లో ఒక లేత్ వర్క్‌షాపులో లెక్కలు రాస్తాను. సాయంత్రాలు ఖాళీ దొరికితే బొమ్మలు వేసుకుంటాను. ఇన్నాళ్లూ పెన్సిలూ వాటర్ కలరే. ఈమధ్య టీ డికాషన్‌తో వేసిన బొమ్మలు చూశాక మనసు అటే లాగుతోంది. ప్రకాశం బ్యారేజీ మొదలుపెట్టాను గానీ ఎంత మరిగించినా ఆరేసరికి లేత గోధుమరంగే మిగులుతోంది. వేసిన ప్రతి పూత అంచునా ముదురు గీత కడుతోంది, ఆకాశం నిండా గీతలే. షీటేమో అప్పడంలా లేచిపోతోంది.

శ్రావణంలో మా అక్క వాళ్ల గృహప్రవేశం ఉంది. ఈ బొమ్మే ఫ్రేము కట్టించి ఇద్దామనుకుంటున్నాను. అసలు టీ రంగు గోడ మీద ఎన్నాళ్లు ఉంటుందో తెలిసినవాళ్లు చెప్పండి.

టీ_స్టాల్_బాబాయ్
మే 24, రాత్రి 10:15

పాలు పోశావా అబ్బాయ్?

కృష్ణలంక_కుంచె
మే 24, రాత్రి 10:18

లేదు బాబాయ్. పాలూ పంచదారా ఏమీ లేవు. ఎవరో ఊరెళ్లి తెచ్చిన డార్జిలింగ్ ఆకు టీ ఇంట్లో ఉంటే అదే కాచాను.

టీ_స్టాల్_బాబాయ్
మే 24, రాత్రి 10:40

అదీ సంగతి. డార్జిలింగు వాసనకి, రుచికి. బొమ్మకి అది దండగ. నీకు కావాల్సింది సీటీసీ డస్టు. 1930ల్లో అస్సాంలో మొదలైన పద్ధతి అది. ఆకుని పళ్ల రోలర్ల మధ్య పడేసి నలిపి, చింపి, చుట్టేస్తారు. పొడి ఎంత సన్నగా ఉంటే రంగు అంత గబుక్కున దిగుతుంది. మన వైపు బండ్ల మీద, కాకా హోటళ్లలో కాచేది అంతా అదే.

గ్లాసు నీళ్లకి నాలుగు స్పూన్ల డస్టు వేసి సన్నమంట మీద సగానికి రానివ్వు. తెల్ల గుడ్డలో రెండుసార్లు వడకట్టు. స్టీలు గిన్నెలోనే కాచు. ఇనప గిన్నెలో కాస్తే నల్లబడుతుంది, అది వేరే కథ.

ఇంకో మాట. విడిగా తూచి అమ్మే మరీ చవక పొడి కొనొద్దు. రంగు కలిపినది ఉంటుంది. వడపోత కాగితం మీద కాస్త పొడి చల్లి నీళ్లు చిలకరించు. ఆ తర్వాత కాగితాన్ని పంపు కింద కడిగి వెలుతురుకి పెట్టి చూడు. కలిపిన రంగైతే మరకలు కనపడతాయి. ఇది ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ వాళ్లు ఇళ్లలో చేసుకోమని చెప్పిన పరీక్షే. పనిలోపని పొడి మీద అయస్కాంతం కూడా తిప్పు, ఇనప రజను ఉంటే అంటుకుంటుంది.

పటమట_అక్క
మే 25, ఉదయం 6:30

తమ్ముడూ, షీటు లేవడం టీ తప్పు కాదు. పుస్తకాల షాపుల్లో రోల్ చుట్టి ఇచ్చే డ్రాయింగ్ షీటు అంత తడిని తట్టుకోదు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువుండే) మందపాటి వాటర్ కలర్ షీటు తీసుకో. కాటన్‌ది అయితే ఇంకా మంచిది, ధర మాత్రం కాస్త ఎక్కువ. ముందు రెండు వైపులా తడిపి, బోర్డు మీద పరిచి, నాలుగంచులా టేపు వేసి పూర్తిగా ఆరనివ్వు. ఆ తర్వాతే మొదలుపెట్టు.

ముదురు రంగు ఒక్క పూతలో రాదు. పలచటి పూతలు ఒకదాని మీద ఒకటి పడాలి, ప్రతిదీ ఎముకలా ఎండాకే తర్వాతది. ఇక్కడే ఎండాకాలం మనల్ని ఏడిపిస్తుంది. రోహిణి కార్తెలో ఫ్యాను కింద కూర్చుంటే కుంచె ఆ చివరికి వెళ్లేలోగా ఈ చివర ఎండిపోతుంది. ఆకాశం లాంటి పెద్ద పూతలు తెల్లవారుజామున, ఫ్యాను ఆపేసి వెయ్యి. ముందు మంచినీళ్లతో ఆకాశం అంతా తడిపి, ఆ తడి మీద టీ వదులు. డికాషన్‌లో రెండు చుక్కలు గ్లిజరిన్ వేస్తే ఆరడం కాస్త నిదానిస్తుంది. తేనె వేయమని చెప్పేవాళ్లుంటారు, వినకు. చీమలు బ్యారేజీ మీద ఊరేగుతాయి.

తెల్లగా ఉండాల్సిన చోటు ముందే వదిలెయ్యాలి. వాటర్ కలర్ అయితే తడిగుడ్డతో తీసేయొచ్చు. టీ కాగితం పోగుల్లోకి దిగిపోతుంది, రాదు. నీళ్ల మీద మెరుపుల దగ్గర తెల్ల కొవ్వొత్తితో గీసుకో, దాని మీద టీ నిలవదు.

అన్నట్టు, బ్యారేజీకి 70 గేట్లున్నాయి, అన్నీ వేయాలని కూర్చోకు. దగ్గరివి నాలుగైదు గట్టిగా వేసి మిగతావి పొగమంచులో కలిపెయ్యి.

రిటైర్డ్_కెమిస్ట్రీ
మే 25, మధ్యాహ్నం 12:05

గుంటూరు నుంచి. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను, కుంచె పట్టడం చేతకాదు. కానీ ఇక్కడ అడిగినవన్నీ నా సబ్జెక్టే కనుక కాస్త విడమరిచి రాస్తాను, ఓపిగ్గా చదవండి.

పచ్చి ఆకులో ఉండే కాటెకిన్లకి సొంత రంగు లేదు. ఆకుని నలిపినప్పుడు అందులోని ఎంజైము, గాలిలోని ఆక్సిజన్ కలిసి వాటిని థియాఫ్లేవిన్లుగా, థియారూబిజిన్లుగా మారుస్తాయి. మొదటివి బంగారు నారింజ, రెండోవి ఎరుపు కలిసిన గోధుమ. గ్రీన్ టీ చేసేటప్పుడు ఆకుని ముందే వేడిచేసి ఆ ఎంజైముని పనిచేయకుండా చేస్తారు. అందుకే దానితో వేస్తే లేత పసుపు తప్ప ఏమీ రాదు.

పాల గురించి బాబాయ్ గారు సరిగ్గా అడిగారు. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ ఈ రంగు పదార్థాలని పట్టేసుకుంటుంది. మరక తగ్గుతుంది, పైగా కాగితం మీద పులిసి కంపు కొడుతుంది.

అంచు గీత సంగతి. తడి ఆరేటప్పుడు దాని అంచు కాగితాన్ని పట్టుకుని కదలదు. అంచు దగ్గర నీరు ఎక్కువ ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీరు అంచుకి పారుతూ, తనతో సన్న నలుసుల్ని మోసుకెళ్లి అక్కడ దించేస్తుంది. చికాగో విశ్వవిద్యాలయం వాళ్లు 1997లో నేచర్ పత్రికలో దీన్నే వివరించారు. వాళ్లు మొదలుపెట్టింది కాఫీ మరకతో. వడపోత ఎంత బాగుంటే గీత అంత తగ్గుతుంది.

చిక్కటి డికాషన్ చల్లారాక మసకగా అవడం గమనించే ఉంటారు. కెఫీన్, థియాఫ్లేవిన్లు ఒకదానితో ఒకటి కలిసి నీళ్లలోంచి విడిపోవడం అది. మళ్లీ గోరువెచ్చగా చేస్తే తేటపడుతుంది. కనుక నున్నటి పూత కావాలంటే వెచ్చని డికాషన్ వాడండి. గరుకుగా, నలుసు నలుసుగా కావాలంటే చల్లనిది వాడండి. బోరు నీళ్లతో కాచవద్దు. అందులోని కాల్షియం, బైకార్బొనేట్ వల్ల పైన తెట్టు కడుతుంది, ఆ తెట్టు బొమ్మలో మచ్చలుగా దిగుతుంది. క్యాను నీళ్లు చాలు.

చిటికెడు వంటసోడా వేస్తే రంగు ముదురుతుంది, నిమ్మరసం పిండితే తేలిపోతుంది. రెండూ కాగితం ఆయువుతో ఆడుకోవడమే, ఎడాపెడా వాడవద్దు.

బ్రాడీపేట_బ్రష్
మే 25, రాత్రి 8:20

ఇంత చదివాక ఒక ప్రశ్న. ఎందుకండీ ఇదంతా? బర్న్‌ట్ సియెన్నా, రా అంబర్ చెరో ట్యూబు కొనుక్కుంటే ఇంతకన్నా మంచి గోధుమలు వస్తాయి. అవి ఐరన్ ఆక్సైడ్ మట్టి రంగులు, గుహల గోడల మీద వేల ఏళ్లు నిలిచిన జాతి. వడకట్టక్కర్లేదు, బూజు పట్టదు, చీమలు రావు. నేను ఇలస్ట్రేషన్లు వేసే బతుకుతున్నాను. ఈ టీ బొమ్మల్లో సగం, కింద "టీతో వేసింది" అని రాయకపోతే ఎవరూ రెండోసారి చూడరు. పక్కన ఒక కప్పు పెట్టి ఫోటో తీస్తారు చూడండి, అది బొమ్మకి కాదు, లైకులకి.

కృష్ణలంక_కుంచె
మే 25, రాత్రి 8:45

కప్పు ఫోటో నేనూ తీశానండీ, దాచేదేముంది.

అయినా అందరూ లైకుల కోసమే అంటే ఒప్పుకోలేను. బ్రిటన్‌లో కార్న్ గ్రిఫిత్స్ అనే చిత్రకారుడు ఇంకుతో పాటు టీ, బ్రాందీ వాడి ముఖాలు వేస్తాడు. ఆ ఇంకు గీత మీద టీ పారిన చోట వచ్చే అంచులు ట్యూబు రంగుతో వేసినట్టుండవు. మలేషియాకి చెందిన హాంగ్ యీ 2015లో 20 వేల టీ బ్యాగులని రకరకాల ఛాయల్లో నానబెట్టి, వేలాడదీసి, టీ తిరగబోస్తున్న మనిషి బొమ్మ చేసింది. అందులో సరుకుకీ బొమ్మకీ సంబంధం ఉంది కదా.

పటమట_అక్క
మే 25, రాత్రి 9:10

బ్రష్ గారి మాటలో సగం నిజం. కప్పు పక్కన పెడితే తప్ప నిలబడని బొమ్మ ట్యూబుతో వేసినా నిలబడదు.

కానీ నేను పిల్లలకి టీతోనే మొదలుపెట్టిస్తాను. రంగులు ఎంచుకునే గొడవ లేదు, ఒకటే రంగు. వెలుగూ నీడా తప్ప వాళ్ల చేతిలో ఇంకేమీ ఉండదు. చెరపడానికీ లేదు. వెలుగు ఎక్కడుందో ముందు ఆలోచించి తర్వాత కుంచె ముంచాలి. ఈ క్రమశిక్షణ ట్యూబుతో అంత తొందరగా రాదు.

మన దగ్గర ఇది కొత్తేమీ కాదు కూడా. బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ గారు నేర్పింది బెంగాల్ వాష్ పద్ధతే, అడివి బాపిరాజు గారు ఆయన దగ్గర నేర్చుకున్నవారే. రంగు వేసి, ఆరనిచ్చి, షీటుని నీళ్లలో ముంచి తీసి, మళ్లీ వేయడం. టీ బొమ్మని కూడా అలా ఒకసారి ముంచి చూడు తమ్ముడూ. పైపైన ఉన్నదంతా పోయి, కాగితంలో ఇంకినదే మిగులుతుంది. నీ బొమ్మకి అసలు రంగు అదే.

ఫ్రేము_కొట్టు
మే 26, ఉదయం 11:00

గవర్నర్‌పేటలో ఫ్రేములు కడతాను. అబ్బాయి అడిగిన చివరి ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు, నేను చెప్తాను. ఒట్టి టీతో వేసింది నిలవదు. ఎండ నేరుగా తగిలే గోడ అయితే నెలల్లోనే తేడా తెలుస్తుంది. నీడలో, కొత్తగా వేసినప్పటి చిత్రం పక్కన పెట్టి చూస్తే తప్ప తెలియనంత నెమ్మదిగా పోతుంది. కానీ పోతుంది.

కస్టమర్లు యూవీ అద్దం వేస్తే చాలనుకుంటారు. యూవీ ఆగినా మామూలు వెలుతురు కూడా ఇలాంటి రంగుల్ని తినేస్తుంది. అద్దం ఆలస్యం చేస్తుంది, ఆపలేదు. ఇచ్చేవాడివి ముందే చెప్పి ఇవ్వు. హాల్లో కిటికీకి ఎదురుగా వద్దు, లోపలి గదిలో కిటికీ ఉన్న గోడకే తగిలించమను.

అద్దానికీ బొమ్మకీ మధ్య మౌంటు, అంటే బొమ్మ చుట్టూ వేసే అట్ట చట్రం, తప్పకుండా ఉండాలి. ఆసిడ్ ఫ్రీ బోర్డు అడుగు. అందులో కాల్షియం కార్బొనేట్ కలిపి ఉంటుంది, కాగితంలో పుట్టే పులుపుని అది విరిచేస్తుంది. మామూలు అట్ట వేస్తే నాలుగేళ్లకి అంచులు పచ్చబడతాయి.

బందరు_అద్దకం
మే 26, రాత్రి 10:30

రెండు రోజులుగా చదువుతున్నాను. మా ఇంట్లో తాతల నాటి నుంచి పెడనలో అద్దకం పని. మీరందరూ టీని రంగు డబ్బాలా చూస్తున్నారు, అందుకే ఇన్ని తిప్పలు. వాటర్ కలర్‌లో రంగు పొడి ఉంటుంది, తుమ్మ బంక లాంటి జిగురు దాన్ని కాగితానికి అంటిస్తుంది. టీలో పొడీ లేదు, జిగురూ లేదు. అది గుడ్డకి పట్టే అద్దకపు నీళ్లలాంటిది. అద్దకం నీళ్లని ఎవరూ ఒట్టిగా వదిలెయ్యరు, ఏదో ఒక లోహంతో కట్టేస్తారు.

మా పనిలో ముందు గుడ్డని కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండేస్తారు. కరక్కాయలో వగరు ఉంటుంది, పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకి పాకదు. తర్వాత నల్ల నీళ్లు, కసిం అంటారు. ఇనప తుక్కూ బెల్లమూ కుండలో నీళ్లు పోసి రెండు మూడు వారాలు పులియబెడతారు. ఆ నీళ్లకి తనంతట పెద్ద రంగు ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డ మీద అచ్చు పడేసరికి నలుపు తేలుతుంది. ఆ నలుపు కాలవలో ఉతికినా పోదు, ఎండకీ పోదు. ఎరుపుకి ఇనుము బదులు పటిక.

టీ వగరూ కరక్కాయ వగరూ దగ్గరి చుట్టాలే. బాబాయ్ గారు ఇనప గిన్నెలో టీ నల్లబడుతుందన్నారే, అది వేరే కథ కాదు. మా నల్లరంగు కథ అదే.

అబ్బాయ్, నీ బొమ్మలో ముదురుగా ఉండాల్సిన చోట్ల ముందు టీ పూత వేసి ఆరనిచ్చి, దాని మీద ఇనుము నీళ్లు పలచగా పెట్టి చూడు.

రిటైర్డ్_కెమిస్ట్రీ
మే 27, ఉదయం 7:15

అద్దకం వారు చెప్పింది అక్షరాలా నిజం. టీలోని పాలీఫినాళ్లు, అంటే ఆ వగరు పదార్థాలు, ఇనుముతో కలిసి నీలి నలుపు సమ్మేళనం ఏర్పరుస్తాయి. యూరప్‌లో వందల ఏళ్ల పాటు దస్తావేజులు రాసిన సిరా కూడా ఈ కుటుంబమే. వాళ్లు ఓక్ చెట్టు మీద పెరిగే కాయల వగరు, అన్నభేది వాడారు.

అయితే ఒక హెచ్చరిక. ఆ పాత దస్తావేజుల్లో కొన్ని, అక్షరం ఉన్న చోట కాగితం చిల్లులు పడి రాలిపోయాయి. కారణాలు రెండు. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేటు. ఇనుము వగరుతో కలిసినప్పుడు సల్ఫ్యూరిక్ ఆమ్లం విడుదలై కాగితంలోనే ఉండిపోతుంది. రెండోది, వగరుతో కలవకుండా మిగిలిన ఇనుము కాగితపు సెల్యులోజ్ ఆక్సీకరణని వేగం చేస్తుంది.

కసిం ఇక్కడే తెలివైనది. బెల్లం పులిసి వచ్చేవి ఎసిటిక్ లాంటి బలహీనమైన ఆమ్లాలు. ఎసిటిక్ ఆమ్లం ఆరేటప్పుడు చాలావరకు గాలిలోకి పోతుంది, సల్ఫ్యూరిక్ ఆమ్లం పోదు. మన పనివాళ్లు ఏ పుస్తకమూ చూడకుండా మెత్తటి దారి పట్టుకున్నారు. ఈ ఒక్క విషయం తరగతిలో చెప్పేటప్పుడు నాకు ప్రతిసారీ హుషారొచ్చేది.

అన్నభేదే వాడదలిస్తే గ్లాసు నీళ్లకి చిటికెడు మించవద్దు. టీ పూత చిక్కగా, ఇనుము పలచగా ఉండాలి. నలుపు తేలాక షీటుని మంచినీళ్లలో కడిగి ఆరబెట్టండి. టీ గిన్నెలో అన్నభేది కలపవద్దు, గిన్నెలోనే మడ్డిగా దిగిపోతుంది.

నిర్వాహకుడు
మే 27, ఉదయం 9:00

అందరికీ ఒక మాట. అన్నభేది చిన్నపిల్లలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. వంటగది గిన్నెలు, తాగే గ్లాసులు ఈ పనికి వాడకండి. టీ తాగుతూ టీతో బొమ్మ వేసేవాళ్లు కుంచె ఏ గ్లాసులో ముంచుతున్నారో చూసుకోండి.

కృష్ణలంక_కుంచె
మే 27, రాత్రి 9:30

మా వర్క్‌షాపులో లేత్ కింద ఇనప రజను బస్తాలకొద్దీ ఉంటుంది! బెల్లం ఇంట్లోనే ఉంది. కసిం పెట్టేస్తున్నాను.

బందరు_అద్దకం
మే 27, రాత్రి 9:50

ఆగు. లేత్ రజనుకి కటింగ్ ఆయిల్ ఉంటుంది. సబ్బు పొడితో రెండుసార్లు కడిగి ఆరబెట్టు. ఇనుమే అయ్యుండాలి, స్టెయిన్‌లెస్ స్టీలు రజను పనికిరాదు. మట్టి కుండ లేకపోతే ప్లాస్టిక్ డబ్బా. మూత బిగించకు, గ్యాసు పుడుతుంది. పైన గుడ్డ కట్టి మేడ మీద పెట్టు, వాసన ఇంట్లోవాళ్లు భరించలేరు. పైన నురగ కట్టడం తగ్గాక వడకట్టి సీసాలో పోసుకో.

ఫ్రేము_కొట్టు
మే 28, ఉదయం 10:20

నలుపు ఎలా నిలుస్తుందో మాటల్తో ఎందుకు, చిన్న పరీక్ష పెట్టు. మంచి షీటు నుంచి పట్టీలు కోసి ఒకదానికి ఒట్టి టీ, ఒకదానికి టీ మీద సోడా, ఒకదానికి టీ మీద ఇనుము, సరదాకి ఒకదానికి మందార టీ. పట్టీలో సగం నల్ల కాగితంతో కప్పేసి ఎండ వచ్చే కిటికీకి అంటించు. శ్రావణం లోపు ఎవరి బండారం ఏమిటో నీకే తెలుస్తుంది.

బ్రాడీపేట_బ్రష్
మే 28, ఉదయం 10:45

ఆ పట్టీల్లో నా తరఫున బర్న్‌ట్ సియెన్నా కూడా ఒకటి పెట్టండి. నేను ఓడిపోతే ఒప్పుకుంటాను.

కృష్ణలంక_కుంచె
జూన్ 21, రాత్రి 10:10

కసిం తయారైంది. మొదట నీళ్లు చూసి ఇంతేనా అనిపించింది, బెల్లం నీళ్లలాగే ఉన్నాయి. టీ పూత మీద కుంచెతో ఒక గీత గీశాను. ముందు ఊదా, నిమిషంలో బూడిద, ఆరేసరికి నలుపు. ఫోటో పెట్టాను చూడండి, బ్యారేజీ స్తంభాల కింద నీడలన్నీ అదే. ఆకాశం, కొండలు ఒట్టి టీ. మొత్తం ఒకే సరుకు నుంచి వచ్చినట్టు కలిసిపోయింది. ట్యూబులోని నలుపు పెట్టి చూశాను గానీ అది విడిగా, పైన అతికించినట్టు కనపడింది.

కరక్కాయ కూడా తెచ్చి ఒక పట్టీకి వేశాను. దాని మీద కసిం టీ కంటే ఇంకా నల్లగా వస్తోంది. అలాంటప్పుడు టీ ఎందుకు, అంతా కరక్కాయే వాడొచ్చుగా అద్దకం గారూ?

బందరు_అద్దకం
జూన్ 22, ఉదయం 6:50

వాడొచ్చు. కాకపోతే కరక్కాయ ఒట్టిగా వేస్తే లేత పసుపు, కసిం తగిలితే నలుపు. మధ్యలో నీకు కావాల్సిన గోధుమలు ఉండవు. అవి టీ దగ్గరే దొరుకుతాయి. నేనైతే గట్టి నలుపు కావాల్సిన చోట కరక్కాయ అడుగు పూత, మిగతా అంతా టీ. ఫోటోలో రెండో స్తంభం దగ్గర నలుపు పక్కకి పాకింది చూడు, కింద టీ పూత ఇంకా తడిగా ఉన్నట్టుంది.

పటమట_అక్క
జూన్ 22, ఉదయం 7:30

పాకనివ్వండి, నీళ్లలో నీడ అలాగే ఉంటుంది. ఆ ఒక్క చోటే నాకు బొమ్మ బతికినట్టు అనిపించింది. మిగతా స్తంభాలు మరీ స్కేలు పెట్టి గీసినట్టున్నాయి తమ్ముడూ.

టీ_స్టాల్_బాబాయ్
జూలై 19, రాత్రి 9:15

మిగిలిన డికాషన్ ఏం చేస్తున్నావు? వానలు మొదలయ్యాక నా దగ్గర పొద్దున్న కాచింది మర్నాటికే పైన తెల్లగా పొర కడుతోంది.

రిటైర్డ్_కెమిస్ట్రీ
జూలై 19, రాత్రి 9:40

బూజు అది. ఏ రోజుది ఆ రోజు కాచుకోవడమే ఉత్తమం. నిల్వ ఉంచాలంటే ఫ్రిజ్‌లో పెట్టి, రెండు చుక్కలు లవంగ నూనె వేయండి. లేదా డికాషన్‌ని ఇంకా ఇగరబెట్టి, పళ్లెంలో పలచగా పోసి ఎండలో పూర్తిగా ఎండబెట్టండి. పెళ్లలు పెళ్లలుగా లేస్తుంది. సీసాలో పొడిగా దాచుకుని, కావాల్సినప్పుడు వేడినీళ్లు కలుపుకోవచ్చు. వేసిన బొమ్మలు కూడా వానాకాలం గోడకి ఆనించి పెట్టవద్దు.

కృష్ణలంక_కుంచె
ఆగస్టు 9, రాత్రి 8:30

పట్టీలు కిటికీ నుంచి తీశాను, నల్ల కాగితం విప్పి ఫోటో పెట్టాను. మందార టీ ఎండ వైపు దాదాపు తెల్లబడింది, ఏదో వేసినట్టు కూడా తెలియట్లేదు. ఒట్టి టీ బాగా వెలిసింది, ఎరుపు అంతా పోయి గడ్డిరంగు మిగిలింది. సోడా వేసినది దానికన్నా గొప్పగా ఏమీ లేదు. టీ మీద కసిం పెట్టినది కాస్త గోధుమ తిరిగింది అంతే, నలుపు నలుపులాగే ఉంది. బ్రష్ గారి బర్న్‌ట్ సియెన్నా రెండు వైపులా ఒకేలా ఉంది. గెలుపు మీదే సార్.

అక్కకి బొమ్మ ఇస్తున్నాను. వెనక ఒక కాగితం మీద "టీ, ఇనుము నీళ్లతో వేసింది, ఎండ తగలనివ్వకండి" అని రాసి అంటించాను. ఆకాశం పదేళ్లకి వెలిసిపోయినా బ్యారేజీ మిగిలేట్టు, గీత అంతా కసింతోనే వేశాను.

బ్రాడీపేట_బ్రష్
ఆగస్టు 9, రాత్రి 8:55

గెలుపు ఎవరిదో పక్కన పెట్టండి. ఆ నల్ల పట్టీ నేననుకున్న దానికన్నా చాలా బాగా నిలిచింది. మీ అక్కగారికి ఇచ్చేది ఇంట్లో వ్యవహారం, చెప్పి ఇస్తున్నారు కనుక నాకు పేచీ లేదు. నా పేచీ అల్లా అమ్మేవాళ్లతోనే. పుస్తక ప్రదర్శనల దగ్గర, స్టాళ్లలో వేల రూపాయలకి అమ్ముతూ ఒక్కరూ "ఇది వెలుస్తుంది" అని రాయరు. నా మటుకు నేను అయితే మంచి స్కాను తీసుకుని, పిగ్మెంట్ ఇంకుతో ప్రింటు అమ్మమంటాను. అసలు బొమ్మ కావాలన్నవాడికి విషయం చెప్పి ఇవ్వాలి.

ఫ్రేము_కొట్టు
ఆగస్టు 10, ఉదయం 11:30

స్కాను తీసేది ఫ్రేములోకి ఎక్కక ముందే తీయించండి. అద్దం వేశాక వచ్చి ఫోటో తీసి ఇమ్మంటే నా వల్ల కాదు.

కృష్ణలంక_కుంచె
ఆగస్టు 16, రాత్రి 9:00

స్కాను తీయించాకే ఫ్రేము కట్టించాను. తర్వాతి బొమ్మ కూడా మొదలైంది, ఈసారి మన బాబాయ్ బండి. ఆయన పంపిన ఫోటో చూసే వేశాను. బోర్డు మీద అక్షరాలు, బాయిలరూ కసింతో, ఆవిరికి మాత్రం కొవ్వొత్తి. ఎలా ఉందో చెప్పండి.

టీ_స్టాల్_బాబాయ్
ఆగస్టు 16, రాత్రి 10:30

బాగుంది అబ్బాయ్, బాయిలరు మా బాయిలరే. కానీ బోర్డు మీద టీ పది అని రాశావు. నేను పంపింది పాత ఫోటో. ఇప్పుడు పన్నెండు. ఇది స్టాల్లో తగిలిస్తే అందరూ పదే ఇస్తారు. మార్చు.

కృష్ణలంక_కుంచె
ఆగస్టు 16, రాత్రి 10:34

కసిం గీత పోదు బాబాయ్. పోకూడదనేగా ఇన్నాళ్లూ తంటాలు పడ్డది!

రిటైర్డ్_కెమిస్ట్రీ
ఆగస్టు 17, ఉదయం 6:40

పోతుంది. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం ఇనుముని వగరు నుంచి విడదీసి పట్టుకుపోతుంది. సన్న కుంచెతో ఆ అంకె మీద మాత్రమే పెట్టండి, నలుపు గోధుమకి తిరిగాక తడి దూదితో నాలుగైదుసార్లు అద్దండి. పులుపు కాగితంలో మిగలకూడదు. పూర్తిగా ఆరాక, ఆ చోట మళ్లీ టీ పూత వేసి పన్నెండు రాయండి.

టీ_స్టాల్_బాబాయ్
ఆగస్టు 17, ఉదయం 6:55

రాసేటప్పుడు పెన్సిల్‌తో రాయమనండి మాస్టారూ. పాలవాడు మళ్లీ రేటు పెంచుతానంటున్నాడు.